పన్ను సున్నా అయినా పని సున్నా కాదు

‘12 లక్షల దాకా పన్ను లేదట కదా, ఇంక రిటర్న్ ఎందుకు?’ ఈ మధ్య ఉద్యోగుల దగ్గరా, చిన్న వ్యాపారుల దగ్గరా తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. ప్రశ్న సహజమే కానీ, దాన్ని నమ్మి ఊరుకుంటే నష్టం తప్పదు. పన్ను కట్టనక్కర్లేకపోవడం వేరు, రిటర్న్ వేయనక్కర్లేకపోవడం వేరు.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. అక్కడి నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 12 లక్షల వరకు 10 శాతం. ఆపై ప్రతి 4 లక్షలకూ 5 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటాక 30 శాతానికి చేరుతుంది. ఈ లెక్కన 12 లక్షల ఆదాయంపై పన్ను 60,000 రూపాయలు. దాన్ని రిబేటు రూపంలో మాఫీ చేస్తున్నారు. ముందు పన్ను లెక్క తేలాలి, ఆ తర్వాతే మాఫీ. ఆ లెక్క చూపే పత్రమే రిటర్న్. అందుకే ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. ఆదాయం అంతకన్నా తక్కువైనా, ఏడాదిలో మీ పేరున 25,000 రూపాయలు లేదా అంతకు మించి టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కోసి ఉంటే రిటర్న్ తప్పదు. సీనియర్ సిటిజన్లకు ఈ పరిమితి 50,000.

శాఖ దగ్గర ముందే ఉన్న లెక్క

ఒకప్పుడు మన ఆదాయం మనం చెబితేనే ఆదాయపన్ను శాఖకు తెలిసేది. ఇప్పుడు బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకం, ఆస్తి రిజిస్ట్రేషన్ వంటివన్నీ ఆయా సంస్థల నుంచి నేరుగా శాఖకు చేరుతున్నాయి. 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్, ఆ వివరాలన్నీ ఒకచోట చూపిస్తుంది. అందుకే ఇవాళ రిటర్న్ తయారీ చాలావరకు సరిచూసుకునే పని.

సరిచూడాల్సినవి మూడు: యజమాని ఇచ్చే ఫారం-16, పోర్టల్‌లో దొరికే, మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్, ఏఐఎస్. వీటికి తోడు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మీ అన్ని ఖాతాల బ్యాంకు స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకోండి. ఫారం-16లో ఉన్న టీడీఎస్ మొత్తం 26ఏఎస్‌లోనూ ఉందా? స్టేట్‌మెంటులోని వడ్డీ ఏఐఎస్‌లోని వడ్డీతో సరిపోయిందా? ఏఐఎస్‌లో మీది కాని లావాదేవీ కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేసే వీలుంది. ఉమ్మడి ఖాతా వడ్డీ ఒకే పేరు మీద పడటం లాంటివి అలా బయటపడతాయి.

ఉద్యోగులు ఎక్కువగా పొరబడే రెండు చోట్లు

మొదటిది వడ్డీ. జీతం 12.75 లక్షలున్న ఉద్యోగికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా సరిగ్గా 12 లక్షలు మిగులుతుంది. పన్ను సున్నా. ఆయనకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 40,000 వడ్డీ వచ్చిందనుకుందాం. వడ్డీ 50,000 దాటలేదు కాబట్టి బ్యాంకు టీడీఎస్ కోయదు. కోయలేదు కాబట్టి పన్ను లేదనుకుంటారు. కానీ ఆదాయం 12.40 లక్షలైంది, రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం 66,000 పడాల్సిన పన్ను, 12 లక్షలు దాటిన మొత్తానికి మించకూడదన్న నిబంధన వల్ల 40,000 దగ్గర ఆగుతుంది. 4 శాతం సెస్సుతో కలిపి 41,600. వచ్చిన వడ్డీకన్నా కట్టాల్సిందే ఎక్కువ. ఏడాది చివర్లో కాక మొదట్లోనే ఈ లెక్క చూసుకుంటే డిపాజిట్లను ఎలా పెట్టుకోవాలో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

రెండోది ఉద్యోగం మారడం. సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో 6 లక్షలు, అక్టోబరు నుంచి మరో కంపెనీలో 9 లక్షలు వచ్చాయనుకుందాం. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే రెండు చోట్లా విడివిడిగా ఆదాయం 12 లక్షల లోపే కనిపిస్తుంది, ఎవరూ పన్ను కోయరు. రిటర్న్‌లో రెండూ కలిపితే 15 లక్షలు. డిడక్షన్ పోగా 14.25 లక్షలు. పన్ను 93,750, సెస్సుతో 97,500. పైగా ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ. కొత్త ఉద్యోగంలో చేరిన రోజుల్లోనే ఫారం-12బీలో పాత జీతం వివరాలు ఇచ్చి ఉంటే ఇదంతా నెలనెలా కొంచెం కొంచెంగా తీరిపోయేది.

పాతదా, కొత్తదా?

ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. ఇంటద్దె భత్యం, 80సీ కింద 1.5 లక్షల పొదుపు, ఆరోగ్య బీమా, సొంతింటి రుణ వడ్డీ బాగా ఉన్నవారికి పాత విధానం లాభించవచ్చు. రెండు విధాలా లెక్కేసి చూసుకోవాలి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి రిటర్న్‌లోనే ఏ ఏడాదికా ఏడాది ఎంచుకోవచ్చు. అయితే గడువులోగా వేసినప్పుడే ఆ అవకాశం. జీతం వచ్చేవారికి మామూలు గడువు జులై 31. అది దాటితే 5,000 ఆలస్య రుసుము, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. అంతకన్నా పెద్ద నష్టం, పాత విధానం ఎంచుకునే హక్కు పోవడం.

పాత విధానంలో చూపే ప్రతి మినహాయింపుకూ ఆధారం ఉండాలి. రిటర్న్‌లోనే పాలసీ నంబరు, రుణ ఖాతా నంబరు లాంటివి అడుగుతున్నారు. ‘రిఫండ్ తెప్పిస్తాం, అందులో మాకింత ఇవ్వండి’ అనేవాళ్ల మాట నమ్మకండి. లేని విరాళాలు, లేని అద్దెలు చూపించే ఇలాంటి వ్యవహారాలపై 2025 జులైలో ఆదాయపన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అప్పటికే నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది రిటర్న్‌లు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. ఆదాయాన్ని తప్పుగా చూపినట్లు తేలితే జరిమానా ఎగవేసిన పన్నుకు రెట్టింపు. రిటర్న్ ఎవరు నింపినా బాధ్యత మీదే.

పదిమందికి జీతాలిచ్చేవారికి

నర్సింగ్ హోమ్, ట్యూషన్ సెంటర్, హోల్‌సేల్ దుకాణం నడిపేవారు ‘టీడీఎస్ పెద్ద కంపెనీల వ్యవహారం’ అనుకుంటుంటారు. గత ఏడాది టర్నోవరు కోటి దాటని వ్యాపారికి కాంట్రాక్టరు చెల్లింపులపై టీడీఎస్ కోసే బాధ్యత సాధారణంగా ఉండదు. జీతాలకు ఆ సడలింపు లేదు. టర్నోవరులో 8 శాతమో 6 శాతమో లాభంగా చూపి పన్ను కట్టే చిన్న వ్యాపారికి కూడా జీతాల టీడీఎస్ వర్తిస్తుంది.

ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరు జీతం నెలకు 1.20 లక్షలు. ఏడాదికి 14.40 లక్షలు. డిడక్షన్ పోగా 13.65 లక్షలపై సెస్సుతో కలిపి పన్ను 88,140. అంటే నెలకు 7,345 కోయాలి. ముందు టీడీఎస్ కోసేవారికి ఇచ్చే టాన్ నంబరు తీసుకోవాలి. కోసిన మొత్తాన్ని తర్వాతి నెల 7వ తేదీలోగా కట్టాలి, మార్చి నెలదైతే ఏప్రిల్ 30 దాకా గడువు. మూడు నెలలకోసారి జీతాల టీడీఎస్ వివరాల పత్రం 24క్యూ దాఖలు చేయాలి. చివరి త్రైమాసికానిది మే 31లోగా వేస్తేనే జూన్ 15లోగా ఫారం-16 ఇవ్వగలరు. 24క్యూ ఆలస్యమైతే రోజుకు 200 రుసుము. కోసి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీతం 20,000 దాటితే నెలకు 200, 15,000 నుంచి 20,000 మధ్య ఉంటే 150 వృత్తి పన్ను కూడా కోసి కట్టాలి.

యజమాని ఒక్క పాన్ నంబరు తప్పు కొట్టినా, చలానా ఆలస్యంగా కట్టినా, ఉద్యోగి 26ఏఎస్‌లో ఆ సొమ్ము కనిపించదు. జీతంలోంచి కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని చట్టంలోని 205వ సెక్షన్ చెబుతోంది. అది నిరూపించుకోవడానికి ఉద్యోగికి పేస్లిప్పే ఆధారం. నెలనెలా పేస్లిప్ ఇవ్వడం, జీతం బ్యాంకు ద్వారా వేయడం యజమాని కనీస ధర్మం.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది కానీ, 2025-26 ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. కాబట్టి పైన చెప్పిన పద్ధతిలోనే సిద్ధం కావాలి. ఏప్రిల్, మే నెలల్లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, వడ్డీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. జూన్ మధ్యలో ఫారం-16 రాగానే 26ఏఎస్, ఏఐఎస్‌లతో పోల్చండి. తేడా ఉంటే యజమానితోనో బ్యాంకుతోనో అప్పుడే దిద్దించుకోండి. జులై మొదటి వారాల్లో రిటర్న్ వేయండి. వేశాక 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. ఆ ఒక్క పని మరిచిపోతే మిగతా శ్రమంతా వృథా, రిటర్న్ వేయనట్టే లెక్క.