తెరచాపకు విద్యుత్తు తోడు

తెరచాప అనే మాటను విడదీసి చూస్తే, గాలికి అడ్డముగా తెరవలె నిలిపిన చాప కనబడుతుంది. శాతవాహనులలో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు స్తంభముల ఓడను నాణెములపై ముద్రింపజేసినాడు. అది తీరప్రాంతపు ముచ్చట. పూర్వపు కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాల నడుమ పారే గోదావరిలో ఓడలేమిటని మన విద్యార్థులు నవ్వవచ్చును.

కాని సర్ ఆర్థర్ కాటన్ నవ్వలేదు. నాగపురము, బేరారు ప్రాంతముల ప్రత్తిని ఈ నదిమీదుగానే సముద్రమునకు చేర్చవలెనని ఆయన తలచినాడు. దారిలో మూడు రాతి అడ్డంకులు: దుమ్ముగూడెము, ఇంద్రావతీ సంగమము చేరువన ఇచ్చంపల్లి, ప్రాణహితపై దేవలమరి. దుమ్ముగూడెమున ఆనకట్ట లేచినది. 1860వ దశకములో పొగయోడలు కూడ ఎగువకు నడిచినవి. 1867లో రైలు నాగపురమును చేరినది. 1871లో ఓడదారి పథకమును విడిచిపెట్టినారు. వానకాలమున ఉరవడి, వేసవిలో ఇసుక. ఇట్టి నదిలో బరువైన యంత్రమును మోసే ఓడకు సుఖము లేదు.

నేడు స్థితి వేరు. దిగువ మానేరు, కడెము, ఎల్లంపల్లి జలాశయములలో నీరు నిలిచియున్నది. మానేరు నీటిని కరీంనగరము, ఎల్లంపల్లి నీటిని హైదరాబాదు త్రాగుచున్నవి. త్రాగే నీటిపై డీజిలు పడవ నడిపితే దాని చమురు ఎవరి కుండలో పడుతుందో వేరుగా చెప్పవలెనా?

పాశ్చాత్య దేశములలో పాత తెరచాప పడవలు గలవారు కొందరు డీజిలు యంత్రమును పీకివేసి విద్యుత్ మోటారు అమర్చుకొనుచున్నారు. ఇది వట్టి వేడుక కాదు. తెరచాప పడవకు యంత్రముతో పని రేవు విడిచేటప్పుడు, రేవు చేరేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు మాత్రమే. తక్కినదంతా గాలి చూచుకొనును. విద్యుత్ పడవ కొత్తదనుకొనరాదు. 1838లోనే యాకోబీ రష్యాలో నేవా నదిపై దానిని నడిపినాడు.

చిక్కంతా బరువులో ఉన్నది. లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి కలదు; యంత్రము అందులో మూడవ వంతును మాత్రమే పనికి తెచ్చును. ఆ మూడు యూనిట్లను దాచుటకు సీసపు బ్యాటరీలైతే ఇంచుమించు 100 కిలోలు, లిథియమువైతే 30 కిలోల లోపు కావలెను. కనుక బ్యాటరీలను పాత యంత్రముండిన చోటనే, పడవ అడుగున, తడి తగలకుండ అమర్చుదురు. లేనిచో పడవ ఒరిగిపోవును.

లెక్కల ఉపాధ్యాయులు ఇక్కడ ఒక మంచి పాఠము చెప్పవచ్చును. నీటిలో వేగము సగమైతే కావలసిన బలము దాదాపు ఎనిమిదవ వంతుకు దిగును. కాలము రెట్టింపైనను, అంతే దూరమునకు ఖర్చగు శక్తి నాలుగవ వంతే. తొందరలేని సరంగుకు బ్యాటరీ ఎంతో దూరము వచ్చును! పైగా గాలి బాగుగా వీచునప్పుడు నీటి ఒరపిడికి అడుగునున్న పంకా తిరిగి, మోటారే జనకయంత్రమై బ్యాటరీని నింపును. అందుకు పడవ వేగములో కొంత ఇచ్చుకొనవలెను.

వరద గోదావరిలో ఇది సాహసమే, నేను ఒప్పుకొనను. నిలకడ నీటిలో మాత్రము తగినది. కేరళలో 2017 నుండి వైక్కము వద్ద ‘ఆదిత్య’ అనే సౌరపడవ ప్రయాణికులను దాటించుచున్నది. దాని కప్పుమీదనే సూర్యఫలకములున్నవి. తెరచాప పడవకు ఆ వీలు తక్కువ, చాప నీడ ఫలకములపై పడును గదా. మానేరు ఒడ్డున ఒక రేకుల పందిరి వేసి, ఫలకములను దానిపై పరచి, పడవను రేవునకు కట్టిన వేళ బ్యాటరీ నింపుకొనుటయే మేలు.