కీబోర్డులో పియానో పలకాలంటే

మన పల్లె సంఘములలో అనేక చోట్ల ఇప్పుడు హార్మోనియము ప్రక్కనే కీబోర్డు కూడా వచ్చి చేరినది. కోతల పండుగ కానుకలతోనో, స్త్రీల సమాజము వారు వారము వారము పోగుచేసిన పిడికెడు బియ్యపు సొమ్ముతోనో కొన్న వాద్యమది. షాపులో విన్నప్పుడు దానిలోని పియానో ఎంతో కమ్మగా ఉంటుంది. ఆదివారము గుడిలో స్పీకరు పెట్టెలలో నుండి వచ్చేసరికి అదే పియానో రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్లు వినబడుతుంది. లేదా బొంయిమని మ్రోగి పాటలోని మాటలనే మింగివేస్తుంది. అటువంటప్పుడు ముందుగా నోరు మూసుకొనేది చాపల మీద కూర్చున్న మామ్మలే. పుస్తకము తెరవకుండా కీర్తనను పల్లవి నుండి చివరి చరణము వరకు పాడగలిగినవారు వారు. వారు మానివేస్తే ఆ పాట ముందు వరుసలోని నలుగురు యౌవనస్థులదై మిగులుతుంది.

అప్పుడు పెద్దల కూటములో వచ్చే మాట, “ఈ కీబోర్డు పనికిరాదు, ఇంకా పెద్దది కొనాలి” అని. తొందరపడవద్దని మా మనవి. చాలా సార్లు తప్పు కీబోర్డుది కాదు. వాయించే చేయి, కాలి క్రింద లేని పెడలు, తప్పు చోట గుచ్చిన పిన్ను, సరికాని స్పీకరు, ఇవే పియానోను చెడగొట్టేవి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు వాద్యములను ఉదాహరణగా తీసుకొని, స్వరములు స్పష్టముగా వేరుపడకపోతే వినేవారికి ఏమి తెలుస్తుందని అడుగుతాడు. ఆయన మాట్లాడుతున్నది భాషల సంగతే అయినా, మన మైకు సెట్టుకు కూడా ఆ ప్రశ్న చక్కగా సరిపోతుంది.

మెల్లగా, గట్టిగా

పియానోను ఇటలీ దేశములోని ఫ్లోరెన్సు పట్టణములో బార్తొలొమేయో క్రిస్తోఫొరి అనే వాద్యముల పనివాడు 1700 ప్రాంతములో తయారుచేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న ముల్లు తీగను మీటేది. వేలు ఎలా వేసినా ధ్వని దాదాపు ఒక్కటే. క్రిస్తోఫొరి ముల్లుకు బదులు సుత్తిని పెట్టాడు. వేలు మెల్లగా వేస్తే సుత్తి తీగను మెల్లగా తాకుతుంది, గట్టిగా వేస్తే గట్టిగా కొడుతుంది. ఇటలీ భాషలో ‘పియానో’ అంటే మెల్లగా, ‘ఫోర్తే’ అంటే గట్టిగా అని అర్థము. ఆ రెండు మాటలు కలిసిన పేరే వాడుకలో కురచయై పియానో అయినది.

మన కీబోర్డులో తీగలూ లేవు, సుత్తులూ లేవు. నిజమైన పియానో స్వరములను రికార్డు చేసి చిప్పులో దాచి ఉంచుతారు. అమెరికాలో రే కర్జ్‌వైల్ అనే ఆయన 1984లో ఈ పద్ధతిలో పేరుపొందిన వాద్యమును తెచ్చినప్పుడు, అంధుడైన గాయకుడు స్టీవీ వండర్ ఆ పనిలో సలహాదారుగా ఉన్నాడు. మంచి కీబోర్డులలో ఒక్కొక్క స్వరమును మెల్లగా ఒకసారి, మధ్యస్థముగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి వేరువేరుగా రికార్డు చేస్తారు. ఎందుకంటే గట్టిగా కొట్టిన తీగ పెద్దగా మ్రోగుటే కాదు, దాని రంగే మారుతుంది, మెరుపు వస్తుంది. ఇక ప్రతి మెట్టు క్రింద రెండు కాంటాక్టులు ఉంటాయి. మొదటిదానిని తాకిన తరువాత రెండవదానిని తాకుటకు పట్టిన సమయమును బట్టి, వేలు ఎంత వేగముగా దిగినదో కీబోర్డు లెక్కకట్టి, దానికి తగిన ధ్వనిని ఇస్తుంది. ఎప్పుడూ ఒకే బలముతో నొక్కేవారికి ఇంత ఏర్పాటులో ఒక్క రంగే వినబడుతుంది.

మన చోట సమస్య ఇక్కడే మొదలవుతుంది. మన వాద్యకారులలో అనేకులు హార్మోనియము మీద నేర్చినవారు. హార్మోనియములో బలము తిత్తిలో ఉంటుంది గాని వేలిలో ఉండదు. మెట్టు నొక్కి ఉంచినంత సేపు, గాలి ఉన్నంత సేపు, స్వరము నిలిచి ఉంటుంది. పియానో స్వరము అలా కాదు. పుట్టిన క్షణమునుండే తగ్గిపోతూ ఉంటుంది. హార్మోనియము అలవాటుతో వేలు అదిమిపెట్టి కూర్చుంటే పియానో మధ్యలో చచ్చిపోయినట్లు ఉంటుంది. అది చూచి వాయించేవారు వాల్యూమ్ పెంచుతారు. దానితో మొదటి దెబ్బ చెవులు చిల్లులు పొడుస్తుంది, వెనుక ఖాళీ అలాగే ఉంటుంది. ఎడమ చేయి సంగతి కూడా చెప్పాలి. అన్నాళ్లు తిత్తి వేసిన చేయి ఒక్కసారిగా ఖాళీ దొరికి, ఎక్కడ పడితే అక్కడ బరువుగా దిగుతుంది.

మొదట మెనూలో ‘టచ్’ అనే దానిని చూడండి. కొన్ని కీబోర్డులలో దానిని ఎవరో ఎప్పుడో ఆపివేసి ఉంటారు. అప్పుడు ఎలా నొక్కినా ధ్వని ఒక్కటే. సాఫ్ట్, మీడియం, హార్డ్ అని మూడు రకములు ఉంటే, చేయి బరువుగా ఉన్నవారికి హార్డ్ మంచిది, సండే స్కూలు పిల్లలకు సాఫ్ట్ మంచిది. తరువాత మైకు సెట్టు జోలికి పోకుండా, ఇంటిలో ఒక వారము ఒకే మెట్టును ఐదు బలములలో కొట్టుట నేర్చుకోవాలి. వినుటకు గాలి తగిలినంత మెల్లగా మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు ఎక్కినట్లు పెంచుకుంటూ పోవాలి. ఇది విసుగు పుట్టించే పనే. కాని వెయ్యి రూపాయల చిల్లర సామాను చేయలేని పని ఇది చేస్తుంది.

ఆ తరువాత సస్టెయిన్ పెడలు. దానిని కొనని సంఘములే ఎక్కువ. పెడలు తొక్కి ఉంచితే, వేలు తీసినా స్వరము తనంతట తాను తగ్గేవరకు నిలుస్తుంది. అది లేని పియానో కుంటి పియానోయే. అయితే పల్లవి మొదట తొక్కి చరణము చివర తీయకూడదు. స్వరములన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిక్కుపడతాయి. కార్డు మారిన ప్రతిసారీ, క్రొత్త కార్డు మీద వేళ్లు పడిన క్షణమున కాలు ఎత్తి, వెంటనే మరల తొక్కాలి. ఇంకొక చిన్న సంగతి: చాలా కీబోర్డులలో స్విచ్చి వేసే సమయమున పెడలు మీద కాలు ఉంటే అది తలక్రిందులుగా పనిచేస్తుంది, తొక్కితే ఆగుతుంది, వదిలితే మ్రోగుతుంది. పాడైపోయినదని షాపుకు మోయవద్దు. ఆపి, కాలు తీసి, మరల వేయండి.

ఏ పియానో ఎంచుకోవాలి? వాద్యముల కంపెనీలు కలిసి 1991లో ఒప్పుకొన్న 128 ధ్వనుల పట్టికలో మొదటిది గ్రాండ్ పియానో, రెండవది బ్రైట్, నాలుగవది హాంకీ టాంక్. చాలా కీబోర్డులలో ఈ పేర్లు కనబడతాయి. మందిరము లోపల మొదటిది చాలును. బయలు మైదానములో సువార్త సభలకు బ్రైట్ పనికివస్తుంది, జనుల సందడిని దాటి వినబడుతుంది. హాంకీ టాంక్ కావాలని శృతి తప్పించిన పియానో. కీర్తనలకు దానిని వాడకుండుటయే మేలు. పియానో క్రింద స్ట్రింగ్స్ కలుపుట మన యౌవనస్థులకు ఇష్టము. కలపవచ్చును గాని, కలిపినట్లు తెలియనంత తక్కువగా ఉండాలి.

పిన్ను నుండి పెట్టె వరకు

చిన్న కీబోర్డులకు వేరే అవుట్‌పుట్ ఉండదు, హెడ్‌ఫోను రంధ్రమే దిక్కు. అది రెండు వైపుల ధ్వని ఇచ్చే స్టీరియో రంధ్రము. దానిలో మైకుకు వాడే మామూలు పిన్ను గుచ్చితే ఒక ప్రక్క ధ్వని షార్టు అవుతుంది. స్టీరియో పిన్ను ఉన్న వైరే వాడాలి. పెద్ద కీబోర్డులలో రెండు రంధ్రములు ఉంటాయి. ఒకదాని మీద ‘ఎల్’, ‘మోనో’ అని వ్రాసి ఉంటుంది. ఒక్క వైరే ఉన్నప్పుడు దానిలోనే పెట్టాలి.

కీబోర్డు వైరును యాంప్లిఫయరులో మైకు రంధ్రమునకు తగిలించుట మేము అనేక గుడులలో చూచినదే. మైకు నుండి వచ్చేది చాలా బలహీనమైన ధ్వని, కీబోర్డుది దానికి ఎన్నో రెట్లు బలమైనది. అందుకే మెల్లని స్వరము కూడా చీలి గరగరమంటుంది. ‘ఆక్స్’ లేదా ‘లైన్’ అని వ్రాసి ఉన్న చోట తగిలించండి. కీబోర్డు వాల్యూమ్ ముప్పాతిక వంతు వద్ద ఉంచి, మిగిలినది యాంప్లిఫయరు మీద సరిచేసుకోవాలి.

స్టీరియో విషయములో మన గుడులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. కీబోర్డులోని పియానో ధ్వనిలో తగ్గు స్వరములు ఎడమ ప్రక్కకు, హెచ్చు స్వరములు కుడి ప్రక్కకు ఒరిగి ఉంటాయి. హెడ్‌ఫోనులో అది బహు ఇంపుగా ఉంటుంది. మన మందిరములో ఒక పెట్టె స్త్రీల వైపు, ఒక పెట్టె పురుషుల వైపు ఉంటాయి. అప్పుడు ఒకరికి పియానో ఎడమ సగము, మరొకరికి కుడి సగము చేరుతుంది. కాబట్టి రెండు పెట్టెలలోనూ ఒకే ధ్వని వెళ్లాలి. కొన్ని స్టీరియో పియానోలు రెండు ప్రక్కలు కలిపినప్పుడు పలచబడిపోతాయి. అలా జరిగితే ఒక్క ప్రక్క ధ్వనినే వాడి చూడండి, లేదా కీబోర్డులో వేరొక పియానోను ఎంచుకోండి.

ఇక గుడి మీద కట్టిన హారన్ గురించి. అది మాట కొరకు చేసినది. తగ్గు స్వరములను పలుకుట దాని వలన కాదు. దానిలో పియానోను వింటే కుడి చేతి సగమే మిగులుతుంది, అదీ కీచుగా. బాస్ పెంచినందువలన హారన్‌లో బాస్ రాదు. ప్రసంగమును హారన్‌కు వదిలి, కీబోర్డును లోపలి పెట్టెలకే ఇవ్వండి. ఊరివారికి కూడా అది మేలే.

లోపల సిమెంటు గోడలు, రేకు కప్పు ఉన్న మందిరము తానే ప్రతిధ్వనిస్తుంది. దానికి తోడు కీబోర్డులో ‘హాల్’ రివర్బ్, మిక్సరులో ఎకో వేస్తే మూడు పియానోలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తినట్లు ఉంటుంది. రెండిటినీ తగ్గించండి. పరీక్షించుటకు, ఒకరు వాయిస్తుండగా మరొకరు చివరి చాప వద్ద కూర్చుని ఫోనులో రికార్డు చేస్తే చాలును. గుడి నిండా మనుష్యులు ఉన్నప్పుడు ప్రతిధ్వని తగ్గుతుందని జ్ఞాపకముంచుకొని ఆదివారము నాడే మరొకసారి వినాలి.

కీర్తనకు చోటివ్వుట

మన పాత కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటి వాగ్గేయకారులు 19వ శతాబ్దములో వాటిని ఆ రాగముల నడకలోనే కట్టారు. స్వరము నుండి స్వరమునకు జారుట, ఊగుట ఆ నడకకు ప్రాణము. పియానో జారలేదు, దాని స్వరము ఉన్న చోటనే ఉంటుంది. బెండ్ చక్రము త్రిప్పి జార్చితే అది పియానో కాదు, మరేదో. కనుక రాగప్రధానమైన కీర్తనలో పియానో వాద్యకారుడు పాట వరుసను వెంబడించక, ఆధార షడ్జమమును, పంచమమును మెల్లగా పట్టి ఉంచి, వరుసను గొంతులకు వదిలివేయుటే మేలు. కార్డులు దట్టముగా వేయదగినవి పాశ్చాత్య వరుసల పాటలు. అక్కడ కూడా ఎడమ చేయి మూడు వేళ్లతో కార్డును అడుగున వేస్తే బురదవలె వినబడుతుంది. అడుగున ఒక స్వరము, లేదా షడ్జమ పంచమములు చాలును. బాస్ గిటారు ఉన్న సంఘములో ఆ చేయి ఇంకా పైకి రావాలి.

శృతి మామ్మల గొంతును బట్టి ఉండాలి. ఐదు శృతిలో ఎత్తిన పాట వారికి అందకపోతే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ రెండుకు దించితే నాలుగు శృతి అవుతుంది, వేళ్లు మారనక్కరలేదు. ఆ పాట అయిన వెంటనే దానిని సున్నాకు త్రిప్పాలి. లేకపోతే తరువాతి పాటలో గిటారు ఒక దారి, కీబోర్డు ఒక దారి.

భూస్థాపన కూడికలకు కీబోర్డు తీసుకొని వెళ్లేవారు ఉన్నారు. బ్యాటరీలతో నడిచేది అయితే యాంప్లిఫయరు అవసరము లేదు, దాని సొంత స్పీకర్లే వాకిటిలోని వారికి చాలును. ఆరుబయట గోడలు ఉండవు గనుక అక్కడ మాత్రము రివర్బ్ కొంచెము ఉంచవచ్చును. బ్యాటరీలు క్రొత్తవి వేసుకొని వెళ్లండి, పెడలు మరువకండి.