ఉద్యోగంలో ఉండగానే చదువు

చదువు కళాశాలతో ముగుస్తుందనే అభిప్రాయం మన సమాజంలో బలంగా నాటుకుపోయినప్పటికీ, పనిలో కుదురుకున్న తరువాత మళ్లీ నేర్చుకోవలసిన అవసరం ఎంతటిదో సికింద్రాబాద్‌లోని ‘ఇరిసెట్’ను చూస్తే స్పష్టమవుతుంది. భారతీయ రైల్వేల సిగ్నల్, టెలికమ్యూనికేషన్ విభాగాల అధికారులకు, సూపర్‌వైజర్లకు శిక్షణనిచ్చే ఈ సంస్థ 1957 నవంబరు 24న, అంటే దక్షిణ మధ్య రైల్వే ఏర్పడడానికి సుమారు తొమ్మిదేళ్ల ముందే ప్రారంభమైంది. కొత్తగా చేరినవారే కాక, ఏళ్ల తరబడి పట్టాల వెంట పనిచేసినవారు కూడా పునశ్చరణ తరగతుల కోసం ఇక్కడికి వస్తారు.

వారు వెంట తెచ్చుకునే అనుభవం సామాన్యమైనది కాదు. ఉదాహరణకు ‘ట్రాక్ సర్క్యూట్’ అంటే పట్టాల గుండా స్వల్ప విద్యుత్తును పంపి, దానితో రిలే అనే విద్యుత్ మీటను పట్టి ఉంచే ఏర్పాటు. బండి రాగానే దాని చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపివేయడంతో రిలేకు కరెంటు అందక అది పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా జరిగేది ఇదే. వానాకాలంలో తడిసిన కంకర గుండా విద్యుత్తు జారిపోయి, బండి లేకపోయినా సిగ్నల్ ఎర్రగా నిలిచిపోవచ్చు. ఆ లోపాన్ని ఎన్నో వానాకాలాలు సరిచేసిన ఉద్యోగికి, ఏ లోపం వచ్చినా బండి ఆగాలే తప్ప ముందుకు సాగకూడదన్న సూత్రాన్ని ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు.

అదే సూత్రం ‘కవచ్’కూ ప్రాణం. పట్టాల మధ్య అమర్చిన ట్యాగులు, స్టేషన్లలోని రేడియో పరికరాలు, ఇంజనులోని కంప్యూటరు కలిసి పనిచేసే ఈ వ్యవస్థ, లోకో పైలట్ బ్రేకు వేయకపోతే తానే వేస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా నడిపిన రెండు ఇంజన్లను అది 380 మీటర్ల దూరం ఉండగానే ఆపింది. రిలేలకు అలవాటుపడిన చేతులు సాఫ్ట్‌వేరులో లోపాన్ని వెతకడం నేర్చుకోవాలంటే, తెలిసిన సూత్రం నుంచి తెలియని యంత్రానికి దారి చూపే బోధన కావాలి. వయోజనులకు సొంత అనుభవమే ముఖ్యమైన పాఠ్యసామగ్రి అని అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పినది ఇందుకే; ఈ పద్ధతిని ఆయన ‘ఆండ్రగాజీ’, అంటే వయోజన బోధనాకళ, అన్నారు. అయితే అనుభవం ఒక్కోసారి అడ్డంకి కూడా అవుతుంది: పాత అలవాటును వదులుకోవడం, వయసులో చిన్నవారి ముందు తెలియదని ఒప్పుకోవడం తేలిక కాదు.

రైల్వే ఉద్యోగికి ఉన్న గొప్ప వెసులుబాటు, శిక్షణాకాలం డ్యూటీగానే లెక్కకు రావడం. ఈ అవకాశం లేనివారి కోసమే 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా హైదరాబాద్‌లో వెలసింది. కాని పగలంతా దుకాణంలోనో కర్మాగారంలోనో నిలబడి పనిచేసేవారు రాత్రి పుస్తకం పట్టాలంటే, జీతం కోత లేని కొన్ని గంటలైనా వారికి దక్కాలి. సికింద్రాబాద్‌లోని ప్రైవేటు యజమానులు ఆ గంటలను పనిగంటలుగానే లెక్కించాలి.