ఎన్ని మొక్కలు చూస్తే చాలు?

పాతబస్తీ మీరాలం మండీలో బగారా బైంగన్‌కి వంకాయలు ఏరేవాళ్లు కాయను తిప్పి తిప్పి చూసేది చిల్లి కోసమే. తీరా చూస్తే ఆ గుండ్రటి చిల్లి చాలాసార్లు పురుగు బయటికి పోయిన దారి. పిల్లపురుగు తొడిమ కిందుగా దూరుతుంది, దూరిన చోటు పూడుకుపోతుంది. నున్నటి కాయ కోస్తే పురుగు బయటపడేది అందుకే.

చిల్లి చూశాక రైతు మందు కొడితే దండగే, కాయలోపలి పురుగుకు అది తగలదు. వంగతోటలో కాయలకంటే ముందు మొవ్వులు చూడాలి. పురుగు దూరిన కొమ్మ చివర వాడి వాలిపోతుంది.

మరి ఎన్ని మొక్కలు చూడాలి? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది, పేనుబంక విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఒక మొక్కనిండా కమ్ముకుని, పక్క మొక్క మీద ఒక్కటీ ఉండకపోవచ్చు. బయటినుంచి ఎగిరొచ్చేవి తరచూ అంచు సాళ్లలోనే ముందు దిగుతాయి. కాబట్టి గట్టు పక్క సాళ్లు వదిలి, మడిలో వంకరటింకరగా నడవాలి. కంటికి ఆనిన మొక్కను కాదు, అడుగులు లెక్కపెట్టి ఆగినచోట ఉన్న మొక్కను చూడాలి. బెండలో పచ్చదోమకైతే పైన, నడుమ, కింద ఒక్కో ఆకు పొద్దున్నే మెల్లగా తిప్పి చూడాలి. ఆకు అడుగున పిల్లదోమలు అడ్డంగా నడుస్తూ కనిపిస్తాయి. విసురుగా తిప్పితే పెద్దవి ఎగిరిపోతాయి, లెక్క తగ్గిపోతుంది.

చూసే మొక్కలు నాలుగింతలు చేసినా లెక్కలో తప్పు సగానికే తగ్గుతుంది. ఈ చాకిరీని తగ్గించే ఉపాయం రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక సామగ్రి తనిఖీకి అబ్రహాం వాల్డ్ కట్టిన గణితంలో దొరికింది. పురుగు మరీ తక్కువనో మరీ ఎక్కువనో మొదట్లోనే తేలిపోతే అక్కడే ఆపేయొచ్చు. ఎటూ తేలనప్పుడే ఇంకొన్ని మొక్కలు.

తేల్చుకోవాల్సిన హద్దును 1959లో కాలిఫోర్నియాలో కీటక శాస్త్రవేత్త స్టెర్న్, మరో ముగ్గురు నిర్వచించారు. పురుగు చేసే నష్టం దాన్ని ఆపే ఖర్చును దాటకముందే మనం కదలాల్సిన సంఖ్య అది. టమాటా ధర పడిపోయిన వారం ఆ హద్దు పైకి జరగాలి, కానీ సిఫారసు పట్టికల్లో అంకె అలాగే ఉంటుంది.

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్‌ఐపీహెచ్‌ఎం) నేర్పే పద్ధతిలో పురుగులతోపాటు సాలీళ్లు, అక్షింతల పురుగుల వంటి మిత్రులనూ లెక్కిస్తారు. వంగలో ఇక్కడో చిక్కుంది. అక్షింతల పురుగుల్లోనే మిత్రులూ ఉన్నాయి, శత్రువులూ ఉన్నాయి, చుక్కలు రెంటికీ ఉంటాయి. నిగనిగలాడేది పేనుబంకను తింటుంది, సన్నటి నూగుతో వెలిసినట్టుండేది ఆకునే గీకి తింటుంది. ఏది ఏ గడిలో రాయాలో తెలియకపోతే కూడిక ఎంత సరిగ్గా వేసినా మందు డబ్బా అనవసరంగా తెరుచుకుంటుంది.