చేపపిల్లల కంటే ముందు వాటి మేత: ఇంట్లోనే ఇన్ఫ్యూజోరియా, మైక్రోవార్మ్, మొయినా పెంపకం



ఫైటర్ చేప గుడ్లు పెడుతుంది. నురుగు గూడు కింద సూదిమొనల్లాంటి పిల్లలు వేలాడుతుంటాయి, లెక్కపెడితే వందకి పైనే. వారం తిరిగేసరికి పది కూడా మిగలవు. అక్వేరియం పెంచే చాలామందికి ఇది తెలిసిన కథే. నీళ్ళు మార్చాం, మందు వేశాం, అయినా పోయాయి అంటారు. చాలాసార్లు వాటికి వచ్చింది రోగం కాదండీ, ఆకలి.

ఎందుకంటే ఆ పిల్ల నోరు చాలా చిన్నది. గుడ్డులోంచి బయటికొచ్చాక రెండు మూడు రోజులు పొట్టకి అంటుకుని ఉన్న పచ్చసొన తిని బతుకుతుంది. అది అయిపోయి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచి బయటి మేత కావాలి. మనం పొడి చేసి వేసే మేత కదలదు కాబట్టి పిల్ల దాన్ని మేతగా గుర్తించదు. అది అడుక్కి పోయి కుళ్ళుతుంది, అమ్మోనియా పుడుతుంది. అంటే ఒకవైపు ఆకలి, ఇంకోవైపు విషం. ఉడికించిన గుడ్డు సొన నలిపి వేసినా చాలావరకు ఇదే జరుగుతుంది.

అందుకే కదిలే మేత, అంటే ప్రాణమున్న మేత కావాలి. అది తినకుండా మిగిలినా కొన్ని గంటలైనా ఈదుతూనే ఉంటుంది, వెంటనే నీళ్ళు పాడు కావు. దీన్ని ఇంట్లో పెంచడం పెద్ద ఖర్చు కాదు, పెద్ద పని కూడా కాదు. కానీ ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోవాలి: మేత ముందు, పిల్లలు తర్వాత. గుడ్లు పెట్టాక మేత కోసం వెతకడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

మన చెరువు రైతులకి ఇది కొత్త కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో బొచ్చె, రోహు పిల్లలు పెంచే నర్సరీ చెరువుల్లో పిల్లలు వదలడానికి ముందే పేడ, వేరుశనగ చెక్క వేసి నీళ్ళలో ప్లాంక్టన్ పుట్టిస్తారు. మన ఇంట్లో చేసేది కూడా అదే, చెరువు బదులు టబ్బు అన్నమాట. ప్రకృతి వ్యవసాయంలో మొక్కకి కాదు, నేలకి మేత పెడతాం అనుకుంటాం కదా. ఇక్కడ కూడా అంతే. నీళ్ళలో బ్యాక్టీరియా, నాచు పెరగాలి. వాటిని తినే జీవి పెరగాలి. దాన్ని చేపపిల్ల తినాలి.

ఏ వయసుకి ఏ మేత

ఇన్ఫ్యూజోరియా అంటే పారమీషియంలాంటి ఏకకణ జీవుల గుంపు. పారమీషియం సైజు 0.05 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఫైటర్, గౌరామి పిల్లలకి మొదటి మూడు నాలుగు రోజులు ఇదే దిక్కు. తర్వాత మైక్రోవార్మ్. ఇది 1 నుంచి 2 మిల్లీమీటర్ల పొడవున్నా లావు దారప్పోగు కంటే తక్కువ, కాబట్టి చిన్న నోట్లోకి పోతుంది. ఆ తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, సుమారు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. రెండో వారం దాటాక మొయినా. గప్పీ, మోలీ మాత్రం గుడ్డు పెట్టవు, పిల్లనే పెడతాయి. ఆ పిల్లలు పెద్దవి కాబట్టి మొదటి రోజు నుంచే మైక్రోవార్మ్, ఆర్టీమియా తింటాయి, ఇన్ఫ్యూజోరియా అక్కర్లేదు.

1. ఇన్ఫ్యూజోరియా (వరిగడ్డి పద్ధతి)

మందు కొట్టని వరిగడ్డి ఒక గుప్పెడు చిన్న ముక్కలు చేసి, 2 లీటర్ల నీళ్ళలో 10 నిమిషాలు మరిగించండి. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోయండి. మరిగించిన నీళ్ళలో బతికున్న జీవులు దాదాపు ఉండవు కాబట్టి తోడు వేయాలి, పాలకి పెరుగు తోడు వేసినట్టే. నడుస్తున్న అక్వేరియం స్పాంజి పిండిన నీళ్ళు ఒక గ్లాసు వేస్తే చాలు. మూతి మీద పలుచని గుడ్డ కట్టి, వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని చోట పెట్టండి.

రెండు మూడు రోజులకి నీళ్ళు పాలలా తెల్లబడి వాసన వస్తాయి. చాలామంది ఇక్కడే పాడైపోయిందని పారబోస్తారు. పారబోయకండి. ఆ తెలుపు బ్యాక్టీరియా. వాటిని తినే ఇన్ఫ్యూజోరియా ఇప్పుడే పెరుగుతోంది. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య నీళ్ళు మళ్ళీ తేటపడి లేత గడ్డి రంగుకి వస్తాయి, వాసన తగ్గుతుంది. అప్పుడు సీసా వెనక నల్ల కాగితం పెట్టి టార్చి వేసి చూడండి. తెల్లటి నలుసులు తమంతట తాము తిరుగుతుంటే మేత తయారైనట్టు.

వెలుతురు వైపు నుంచి ఫిల్లర్‌తోనో సిరంజితోనో తీసి, రోజుకి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా పిల్లల తొట్టిలో వదలండి. తీసినంత నీళ్ళు మళ్ళీ పోసి, రెండు మూడు చుక్కల పాలు వేస్తే సీసా ఇంకొన్ని రోజులు నడుస్తుంది. పాలు చుక్కల్లోనే. చెంచా పోస్తే మళ్ళీ కుళ్ళే.

2. మైక్రోవార్మ్

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. ఓట్స్ నీళ్ళతో గట్టిగా జావ కాచి, చల్లార్చి ఒక సెంటీమీటరు మందాన పరవండి. పైన బ్రెడ్డు చేసే ఈస్ట్ ఒక చిటికెడు చల్లి, తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చిన మైక్రోవార్మ్ తోడు ఒక చెంచా వేయండి. మూతకి సూదితో చిల్లులు పెట్టి, వాటి మీద గుడ్డ అంటించండి. లేకపోతే పండ్ల మీద మూగే చిన్న ఈగలు లోపల గుడ్లు పెడతాయి.

నాలుగైదు రోజులకి పురుగులు డబ్బా గోడల మీదికి పాకుతాయి. దగ్గర్నుంచి చూస్తే గోడ మెరుస్తూ కదులుతున్నట్టు ఉంటుంది. వేలితో తుడిచి తొట్టి నీళ్ళలో కడిగేయడమే, జావ అంటకుండా చూసుకోండి. ఇవి అడుక్కి దిగుతాయి, కాబట్టి లోతు తక్కువ ఉన్న తొట్టిలో పిల్లలకి బాగా అందుతాయి.

పులిసిన వాసన మామూలే. కుళ్ళు వాసన వచ్చి జావ నీళ్ళుగా కారిపోతే దాని పని అయిపోయినట్టు. అంతవరకు ఆగకుండా రెండు వారాలకి ఒకసారి కొత్త డబ్బా వేసుకోండి. మన ఎండాకాలంలో జావ తొందరగా పాడవుతుంది. వంటగది గట్టు మీద కాకుండా ఇంట్లో చల్లగా ఉండే మూల చూసి పెట్టండి.

3. ఆర్టీమియా

ఇది ఉప్పునీటి జీవి. కోస్తాలో రొయ్య హేచరీలు రొయ్యపిల్లలకి పెట్టేది ఇదే. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ గుడ్లు పేరు పొందినవి, మన దేశంలో తూత్తుకుడి ఉప్పు మడుల్లో కూడా ఆర్టీమియా ఉంది. ఇంట్లో దీన్ని పెంచనక్కర్లేదు, పొదిగించుకుంటే చాలు. లీటరు నీళ్ళకి 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, చావు చెంచా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగు దాకా దించండి. 28 డిగ్రీల దగ్గర 24 గంటలు, కాస్త చల్లగా ఉంటే 36 గంటలు పడుతుంది.

గాలి ఆపి సీసాకి ఒక పక్క లైటు పెడితే పిల్లలు నారింజ రంగు మబ్బులా అటు చేరతాయి. గుడ్డు పెంకులు పైకి తేలతాయి. ఆ పెంకులు చేపపిల్ల పొట్టలో అడ్డం పడవచ్చు కాబట్టి పిల్లల్ని మాత్రమే గొట్టంతో తీసి, పలుచని గుడ్డలో వడకట్టి మంచినీళ్ళతో కడిగి వేయండి. పొదిగిన వెంటనే వేస్తేనే బలం. ఆలస్యమయ్యే కొద్దీ వాటి ఒంట్లో సొన అవే వాడేసుకుంటాయి.

4. మొయినా

డాఫ్నియా అని అందరూ అంటారు గానీ మన వేడికి తగినది దాని చుట్టమైన మొయినా. పెద్దది ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అంతా బాగున్నప్పుడు ఆడవి మగవాటితో పని లేకుండానే పిల్లల్ని పెడతాయి. 26 డిగ్రీల దగ్గర పుట్టిన పిల్ల నాలుగు నుంచి ఏడు రోజుల్లో తల్లి అవుతుంది, ఆ తర్వాత రెండు రోజులకోసారి ఒక కాన్పు. మేత తగ్గినా, గుంపు ఎక్కువైనా మగవి పుట్టి, ఎండకి తట్టుకునే నిద్రగుడ్లు పెడతాయి.

40 లీటర్ల టబ్బులో బోరు నీళ్ళు పోసుకోండి. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒకట్రెండు రోజులు తెరిచి ఉంచాలి. బాగా ఎండిన ఆవు పేడ 15 నుంచి 20 గ్రాములు గుడ్డలో మూట కట్టి వేలాడదీయండి. ఎండ తగిలే చోట అక్వేరియం పాత నీళ్ళు నింపి వారం పది రోజులు ఉంచితే వచ్చే ఆకుపచ్చ నీళ్ళు ఇంకా మంచి మేత. నీళ్ళు కొద్దిగా రంగు మారాక మొయినా తోడు వేయండి.

మళ్ళీ మేత ఎప్పుడు వేయాలి? గడియారం చూసి కాదు, నీళ్ళు చూసి. మబ్బుగా ఉన్న నీళ్ళు తేటపడితేనే వేయాలి. తేటపడకముందే వేస్తే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మొయినా ఎర్రబడితే అది ఆ సూచనే. ప్రాణవాయువు చాలనప్పుడు అవి ఒంట్లో హీమోగ్లోబిన్ పెంచుకుంటాయి. వెంటనే మూట తీసేసి, కొంత నీరు మార్చండి. టబ్బు నిండాక రోజూ పావు వంతు తీయవచ్చు. తీయకపోతేనే గుంపు ఎక్కువై ఒక్కసారిగా పడిపోతాయి.

పేడ విషయంలో ఒక గట్టి జాగ్రత్త. ఈమధ్య ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన పశువు పేడ వాడకండి. ఆ మందు పేడలోకి వస్తుంది, అతి కొద్ది మోతాదు కూడా ఈ జీవుల్ని చంపేస్తుంది. అలాగే జీవామృతం నేరుగా పోయకండి. అందులో గోమూత్రం ఉంటుంది, దాని యూరియా అమ్మోనియాగా మారుతుంది. కషాయాలు కొట్టిన ఆకులు కూడా వద్దు. అవి పురుగు కోసం చేసినవి, మొయినా కూడా పురుగుకి దూరపు చుట్టమే.

దోమ గురించి

దోమ పిల్లల్ని చేపలు ఇష్టంగా తింటాయి, నిజమే. కానీ వాటి కోసం టబ్బు తెరిచి పెట్టకండి. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ మన ఇంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమగా ఎగిరిపోతుంది. మనం చేప కోసం పెంచింది పక్కింటి పిల్లాడిని కుట్టకూడదు. ప్రతి టబ్బుకీ, సీసాకీ దోమతెర బిగించి కట్టండి. లోపల దోమ పిల్లలు కనిపిస్తే ఆ రోజే వడకట్టి పెద్ద చేపలకి వేసేయండి.

షాపుల్లో దొరికే ట్యూబిఫెక్స్ ఎర్ర పురుగుల గురించి కూడా అడుగుతారు. అవి మురికి ఎక్కువగా ఉన్న బురదలో పెరుగుతాయి. ఆ మురికి, రోగక్రిములు మన తొట్టిలోకి వస్తాయి. ఇంట్లో మేత ఉంటే వాటి అవసరం రాదు.

లెక్క వేసుకుంటే

జత కలపడానికి మూడు వారాల ముందు మొయినా టబ్బు. పది రోజుల ముందు మైక్రోవార్మ్ డబ్బా. అయిదు రోజుల ముందు ఇన్ఫ్యూజోరియా సీసా, రెండు రోజులు ఆగి ఇంకో సీసా. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక మూడో రోజున ఆర్టీమియా పొదగేయాలి. ఏదైనా సరే రెండేసి పెట్టుకోండి, ఒకదాని నుంచి ఇంకోదానికి కనీసం రెండు మూడు రోజుల తేడాతో. ఒకటి పడిపోయినా విత్తనం మిగులుతుంది. విత్తనం మొత్తం ఒకే గాదెలో ఎవరూ పోయరు కదా.

పాత టబ్బు అడుగున మిగిలిన మడ్డి పారేయకండి, కుండీల మొక్కలకి పోస్తే మంచి ఎరువు.

వరిగడ్డి సీసా ఇంకా తేటపడలేదా? అయితే మగ, ఆడ ఫైటర్లని ఇంకో నాలుగు రోజులు విడిగానే ఉంచండి. ఆలస్యమైతే పోయేదేమీ లేదు. తొందరపడితే మాత్రం వంద ప్రాణాలు మన కళ్ళముందే ఆకలితో పోతాయి.