నాణ్యత ఉత్తర్వులు వేరు, భద్రతా నిబంధనలు వేరు: రసాయన పరిశ్రమ ముందున్న చిక్కుముడి

పాలిస్టర్ నూలుకు మూలమైన టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్‌తో పాటు పలు ప్లాస్టిక్ ముడిసరకులపై జారీ చేసిన 14 నాణ్యత నియంత్రణ ఉత్తర్వులను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో ఉపసంహరించింది. ‘నియంత్రణ’ అన్న ఒక్క మాటే రెండు భిన్నమైన వ్యవస్థలకు పేరుగా చెలామణి అవుతున్నందున, రద్దయినదేమిటో, మిగిలి ఉన్నదేమిటో విడదీసి చూడటం అవసరం.

నాణ్యత ఉత్తర్వు అమలులో ఉంటే విదేశీ కర్మాగారం సైతం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు పొందాలి. అందుకు తనిఖీ జరగాలి. నాసిరకం సరకును అడ్డుకోవడమే దీని ఉద్దేశం. అయితే లైసెన్సు ఆలస్యమైతే మేలైన సరకు కూడా రేవు దాటి లోపలికి రాదు. అప్పుడు నూలు తయారీదారు దేశంలోని కొద్దిమంది పెద్ద ఉత్పత్తిదారుల వద్ద, వారు చెప్పిన ధరకే కొనుగోలు చేయాలి. చైనా, వియత్నాం వస్త్రాలతో విదేశీ విపణిలో తలపడవలసింది మాత్రం అతడే.

ముడిసరకు తయారీదారుల ఆందోళనా నిరాధారమైనది కాదు. చైనా తన అవసరాలకు మించిన ఉత్పత్తి సామర్థ్యాన్ని నెలకొల్పుకుంది. ఆ మిగులు చౌకగా ఇతర దేశాలకు తరలుతోంది. నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం 2023లో రసాయనాల రంగంలో భారత్ వాణిజ్య లోటు 3,100 కోట్ల డాలర్లు. కానీ అన్యాయమైన ధరకు విరుగుడు యాంటీ డంపింగ్ సుంకం. దాని విధింపునకు ముందు ఆధారాలతో కూడిన విచారణ ఉంటుంది. నాణ్యత ముద్రను ఆ పనికి వాడటం దొడ్డిదారి రక్షణే అవుతుంది.

ఎగుమతిదారులది మరో ఇబ్బంది. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి అమలవుతున్న ‘రీచ్’ చట్టం ప్రకారం, ఏడాదికి ఒక టన్ను లేదా అంతకు మించి తయారయ్యే లేదా దిగుమతయ్యే రసాయనాన్ని నమోదు చేయాలి. దాని విష స్వభావంపై పరీక్షల సమాచారం సమర్పించాలి. పెద్ద సంస్థ ఆ వ్యయాన్ని వేల టన్నులపై సర్దుకోగలదు. కొద్ది టన్నులే పంపే చిన్న రంగుల తయారీ యూనిట్‌కు ఆ వెసులుబాటు లేదు.

భద్రతా నిబంధనల నేపథ్యం పూర్తిగా వేరు. 1984 నాటి భోపాల్ దుర్ఘటన తరువాతే 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, ప్రమాదకర రసాయనాల నిల్వపై 1989 నిబంధనలు వచ్చాయి. వాటిని కాగితానికే పరిమితం చేస్తే ఏమవుతుందో విశాఖపట్నం 2020 మే 7న చూసింది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొంది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారు. పై పొరలు వేడెక్కిన సంగతి బయటపడలేదు.

నవంబరు నిర్ణయం ఈ నిబంధనలను తాకలేదు. అయితే చౌక దిగుమతులతో లాభం కుంచించుకుపోయిన యూనిట్ ముందుగా కోత పెట్టేది నిర్వహణ ఖర్చులోనే. ధరల పోటీ తీవ్రమయ్యే కొద్దీ కర్మాగారాల తనిఖీ వ్యవస్థపై భారం పెరుగుతుంది.