సి బుక్కులో పేరు మీదైతే బండీ మీదే!
ట్రాక్టరు అమ్మిన రైతులు, కొన్న రైతులు తెలుసుకోవాల్సిన సంగతి

కృష్ణపట్నం రేవుకు పోయే రోడ్డు పక్కన ఒక గంట నిలబడి చూడండి. రేవు లారీలు, టిప్పర్లు, రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలే బండ్లు, వాటి మధ్యన వరిగడ్డి వేసుకుని ఊగుతా వచ్చే ట్రాక్టర్లు. ఈ ట్రాక్టర్లలో ఎన్నింటి సి బుక్కులో ఇప్పటి యజమాని పేరు ఉందంటారా? అది అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు వెనక ఎంత అప్పు దాగి ఉందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మీకు ముత్తుకూరు మండలంలో ఆరెకరాల మాగాణి, పదేళ్ల పాత ట్రాక్టరు ఉన్నాయనుకుందాం. బిడ్డ పెళ్లికి డబ్బు అవసరమై ట్రాక్టరును పక్క ఊళ్లో వరసకు బావ అయ్యే మనిషికి అమ్మారు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారు. డబ్బు చేతికొచ్చింది. బండి తాళం, సి బుక్కు, మీ సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేశారు. ‘‘పేరు మార్పించుకో బావా’’ అన్నారు. ‘‘ఎడగారు నాట్లు కానీ బావా, నెల్లూరు పోయొస్తా’’ అన్నాడు. ఎడగారు పోయింది, మళ్లీ రబీ వచ్చింది. ఆయన ఆ బండిని రొయ్యల గుంటల దగ్గర ఇంకొకాయనకు అమ్మాడు. మీ ఖాళీ ఫారాలు కూడా బండితోపాటే చేతులు మారాయి. ఇన్సూరెన్సు ఎవరూ కట్టలేదు. ఒక రాత్రి వెనక లైటు లేని ఆ ట్రాక్టరు ఒక మోటారు సైకిలు మనిషి ప్రాణం తీసింది. ఆయన భార్యాబిడ్డలు పరిహారం కోరుతూ ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే నోటీసు ఎవరి ఇంటికి వస్తుంది? మీ ఇంటికే.

‘‘నేను అమ్మి రెండేళ్లయింది సార్, ఇదో అగ్రిమెంటు’’ అంటారు. మీరు చెప్పింది అక్షరాలా నిజమే. అయినా ఆ కాగితం మిమ్మల్ని ఒడ్డుకు చేర్చదు. ఎందుకు చేర్చదో కొంచెం ఓపికగా చూద్దాం.

భూమి సంగతి మన రైతులకు బాగా తెలుసు. అడంగల్‌లో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటుంది. ఇద్దరూ ఒకరే కానక్కర లేదు. భూమి అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి, చేబదులు కాగితంతో హక్కు మారదు. ట్రాక్టరు అట్లా కాదు. అది చరాస్తి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒప్పుకుని, అనుకున్న ప్రకారం బండి అప్పగించుకుంటే సొత్తు మారినట్టే. గేదెను అమ్మినట్టే అన్నమాట. పేరు మారలేదు కాబట్టి అసలు అమ్మకమే జరగలేదనడం కుదరదు. 1939 నాటి పాత మోటారు వాహనాల చట్టం కాలంలో కోర్టులు ఈ మాటే చెబుతూ వచ్చాయి.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? 1988 చట్టంలో వచ్చింది. అందులో రెండో సెక్షను, ముప్పయ్యో క్లాజులో ‘యజమాని’ అనే మాటకు కొత్త అర్థం రాశారు. ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో వాడే యజమాని. ఆ పేరుగలాయన మైనరైతే సంరక్షకుడు. ఫైనాన్సు మీదున్న బండి అయితే ఒప్పందం ప్రకారం దాన్ని దగ్గర పెట్టుకుని నడుపుకునే మనిషి. కాబట్టి మీకూ మీ బావకూ మధ్య లెక్కలో బండి బావది. రోడ్డు మీద, ట్రిబ్యునల్ ముందర బండి మీది. ఒకే బండికి రెండు లెక్కలు!

ఇంగ్లండులో ఈ తేడాను దాచిపెట్టుకోలేదు. అక్కడ బండి కాగితంలో రాసే పేరును ‘రిజిస్టర్డ్ కీపరు’ అంటారు, అంటే బండి బాగోగులకు, పన్నుకు జవాబుదారీ మనిషి. ఈ కాగితం యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదే అచ్చు వేస్తారు. మన దగ్గర మాత్రం చట్టం ‘యజమాని’ అనే మాటనే వాడింది. జనం తికమక పడటంలో వింతేమీ లేదు.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇట్లాంటి కేసులోనే తీర్పు చెప్పింది. పేరు మార్పు లేకుండా ఒక కారు చేతులు మారుతూ పోయింది. ప్రమాదం చేసింది, ఇన్సూరెన్సు లేదు. హైకోర్టు బాధ్యతను కొన్నవాళ్ల మీద పెడితే, సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి రిజిస్టర్ అయి ఉన్న మొదటి యజమానినే బాధ్యుడిగా తేల్చింది. చచ్చిపోయిన మనిషి కుటుంబం ‘ఆయన ఈయనకు అమ్మాడు, ఈయన ఇంకొకాయనకు అమ్మాడు’ అంటూ గొలుసు వెంట తిరగాల్సిన పని లేదన్నది కోర్టు చూసిన న్యాయం. అమ్మిన రైతుకు ఇది చేదుగానే ఉంటుంది గానీ, రోడ్డు మీద మనిషిని పోగొట్టుకున్న ఇల్లాలి వైపు నిలబడి చూస్తే కాదనలేం.

ఇదే సూత్రం అమ్మినాయనకు మేలు చేసిన సందర్భమూ ఉంది. లారీని ఒప్పందం మీద ఇంకొకరికి ఇచ్చేసి, పుస్తకంలోనూ పాలసీలోనూ తన పేరే ఉంచుకున్న ఒకాయన, లారీ పాడైతే ఇన్సూరెన్సు అడిగాడు. అమ్మేశావు కదా, నీకేం హక్కని కంపెనీ వాళ్లు కాదన్నారు. 2020లో సుప్రీంకోర్టు, పుస్తకంలో పేరున్నంత కాలం ఆయనే యజమాని, డబ్బు ఇవ్వాల్సిందేనని చెప్పింది.

ఫైనాన్సు బండ్ల గురించి ఒక మాట. సి బుక్కులో ఫైనాన్సు కంపెనీ పేరు ఎక్కి ఉంది కదా, పరిహారం వాళ్లు కడతారులే అనే భ్రమ కొందరికి ఉంది. 2008లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. బండి అప్పు తీసుకున్నవాడి చేతిలో ఉంటే, అప్పిచ్చిన కంపెనీ యజమాని కాదు. కిస్తీలు తీరాక కంపెనీ దగ్గర కాగితం, ఫారం 35 తీసుకుని ఆ పేరు కొట్టేయించుకోవడం మన పనే. తీరిన అప్పు కూడా పుస్తకంలో ఉంటే బండి అమ్ముడుపోయే రోజున అడ్డం పడుతుంది.

ఇక చేయాల్సింది. అమ్మినవాళ్లు 14 రోజుల్లోగా ఫారం 29 మీద రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా ఫారం 30 మీద పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇది 50వ సెక్షను చెప్పే మాట. గూడూరు, సూళ్లూరుపేట దాటించి తమిళనాడు వాళ్లకు అమ్మితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కూడా తీసుకోవాలి. పాత బండ్ల డీలరుకు అప్పగించేవాళ్లు ఆ డీలరుకు రవాణా శాఖ అనుమతి ఉందో లేదో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, బండి అప్పగించినట్టు శాఖకు తెలిపాక దాని బాధ్యత ఆ డీలరుదే.

ఖాళీ ఫారాల మీద సంతకం మాత్రం పెట్టొద్దు. కొన్నవాళ్ల పేరు, తేదీ మీ చేత్తో నింపి, నకలు ఇంట్లో పెట్టుకోండి. ఆఖరి వాయిదా డబ్బు పేరు మారిన రోజునే పుచ్చుకుంటానని ముందే మాట్లాడుకోవడం మేలు. ఎక్కడ మొహమాటం? బావ దగ్గరే మొహమాటం! బయటవాళ్లకు అమ్మినప్పుడు జాగ్రత్తగా ఉండే మనిషి, బంధువు దగ్గరికొచ్చేసరికి సి బుక్కు చేతిలో పెట్టేసి కాఫీ తాగి వస్తాడు.

కొన్న రైతులకూ నష్టం తక్కువేమీ కాదు. పాలసీ అమ్మినాయన పేరున ఉంటే బయటి మనుషులకు జరిగే నష్టానికి అది మీ బండికీ వర్తిస్తుంది. చట్టంలో 157వ సెక్షను ఆ రక్షణ ఇచ్చింది. కానీ మీ ట్రాక్టరు కాలువలో పడి నుజ్జయితే? 1995లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆ భాగం దానంతట అది మారదని. అందుకే కొన్న 14 రోజుల్లోగా కంపెనీకి రాసి పాలసీ మీ పేరున మార్పించుకోవాలి. ఇంకొకటి, మీసాలు రాని పిల్లోడికి స్టీరింగు ఇచ్చే అలవాటు. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. కొన్నాయన కొడుకు తోలినా, పుస్తకంలో పేరున్న పాత యజమాని పోలీసులకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

తండ్రి పేరున ఉన్న ట్రాక్టరును ఆయన పోయాక కూడా అట్లనే తోలుకునే ఇళ్లు ఊరికి పది ఉంటాయి. ఆయన పోయిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపితే మూడు నెలలు నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. 2021 నుంచి బండికీ నామినీని రాయించుకునే వీలు వచ్చింది.

అన్నట్టు, ట్రాలీని మరిచిపోతారు. ఇంజనుకు పేరు మార్పించుకుని హాయిగా ఇంటికొస్తారు. ట్రాలీకి వేరే నెంబరు, వేరే పుస్తకం ఉంటాయి. దానికి ఇంకో జత 29, 30 ఫారాలు పెట్టాలి.